రెండు బంట్ల ఎత్తు

నా చిన్నప్పుడు, బూర్గంపాడులో సెల్‌ఫోను డాబా ఎక్కితేనే పలికే రోజుల్లో, చదరంగంలో నన్ను మించినవాళ్లు లేరని నా గట్టి నమ్మకం. ఎత్తులో పొట్టిదాన్నే గానీ ఎత్తుల్లో కాదు. ఆట నేర్పింది మా తాతయ్య. ఆయన కాయిదాలు, అంటే ఆట నియమాలు, రెండే. మొదటిసారి రెండు బంట్లను ఒక్కో గడి జరపాలి. ఎదుటివాళ్లు ‘ఆటకట్టు’ అనేదాకా పీట మీది నుంచి లేవకూడదు.

ఆరో తరగతిలో ఖమ్మం పోటీకి తాతయ్యే తీసుకెళ్లాడు. ఓడితే ఇంటికి, గెలిస్తే పై ఆటకు. సమానమైతే నల్లపావుల వాళ్లు పైకి వెళ్తారని ముందే చెప్పారు. నాకు నల్లవే వచ్చాయి.

ఎదురుగా కూర్చున్న టౌను పిల్లగాడు ఒక్క బంటునే, అదీ రెండు గళ్లు దూకించాడు. పాపం, నేర్పేవాళ్లు లేరేమోనని జాలిపడి, నేను దర్జాగా రెండంచుల బంట్లనూ జరిపాను. వాడు చెయ్యెత్తాడు. పోటీ చూసుకునే మేడం వచ్చి, “ఒక్కసారికి ఒక్క బంటే పాపా. ముందు ముట్టుకున్నదే ఆడు” అన్నది. హాలంతా నవ్వింది. కిటికీ అవతల తాతయ్య తల దించుకున్నాడు.

అలా మొదలైన ఆట ఎక్కడ తేలుతుంది? చివరికి మూలన నా రాజు ఒక్కడే మిగిలాడు. పిల్లగాడు మంత్రిని ఠక్కున దగ్గరికి తెచ్చి, “అయిపోయింది, లే” అన్నాడు.

“ఆటకట్టు అను, లేస్తా.”

వాడు మళ్లీ చెయ్యెత్తి మేడంని పిలిచాడు. మేడం వంగి చూసింది. నా రాజుకు దెబ్బా లేదు, కదలడానికి గడీ లేదు. “డ్రా. ఇద్దరూ సమానం” అన్నది.

నేను గంతేశాను. తాతయ్య మాత్రం నేరుగా లోపలికొచ్చి, అందరి ముందర మేడంతో, “పిల్ల తప్పు కాదమ్మా, నేనే తప్పు నేర్పిన. అసలు కాయిదా ఏందో చెప్పు, నేర్చుకుంట” అన్నాడు. ఆమె చెప్తుంటే చేతులు కట్టుకొని విన్నాడు.

పై ఆటలో పావుగంటకే పావులన్నీ పోగొట్టుకున్నాను. తిరుగు బస్సులో తాతయ్య చదరంగం అట్ట ఒళ్లో పరిచి, “ఒక్క బంటే గదా బిడ్డా?” అని నన్నడిగాడు.

ఇప్పుడు నేను లెక్కల టీచర్ని. బోర్డు మీద తప్పు చేస్తే చప్పుడు లేకుండా తుడిచేయాలనే అనిపిస్తుంది. అప్పుడు కిటికీ అవతలి నుంచి లోపలికి నడిచొచ్చిన తాతయ్య గుర్తొస్తాడు. పిల్లల వైపు తిరిగి, “నేనే తప్పు చెప్పిన” అంటాను.