కుట్టు లోపలి బట్ట

మా అమ్మ ఎవరికి రైక కుట్టినా రెండు పక్కలా కుట్టు లోపల రెండు వేళ్ల వెడల్పు బట్ట వదిలేది. "ఆడమనిషికి ఇయ్యాల కాకుంటే రేపు ఒళ్లొస్తది. కుట్లిప్పుకుంటే సరిపోతది" అనేది. వాళ్లమ్మ నేర్పిన పద్ధతట. సూర్యాపేటలో అమ్మ మిషన్ పక్కన కూర్చునే అక్కా నేనూ కుట్టు నేర్చుకున్నాం. బట్ట వదలని దర్జీలంటే అమ్మకు పడదు, పిసినారి చేతులని తిట్టేది.

అక్కను ఆంధ్రా సరిహద్దులోని కోదాడకిచ్చారు. వచ్చినప్పుడల్లా "ఏంటమ్మా" అంటుంటే, "గీ కాస్త దూరానికే ఆంధ్రామెవైనవా" అని అమ్మ వెక్కిరించేది.

పోయిన ఏడాది అక్కకు కడుపులో కేన్సర్ అన్నారు. వైద్యానికి అమ్మ దగ్గరే ఉంది. మందెక్కించిన ప్రతిసారీ మనిషి మరింత చిక్కిపోయేది. రైకలు వదులైతే అమ్మ లోపలికి ఇంకో కుట్టేసి బిగించేది. మిగిలిన బట్ట మాత్రం కత్తిరించేది కాదు. అది మడతలు పడి, ఒరుసుకుని అక్క పక్కలు కందిపోయేవి.

"తీసెయ్యమ్మా, మంటగా ఉంది."

"మందులైపోనీ బిడ్డా, మల్ల ఒళ్లొస్తది. అప్పుడు బట్ట యాడికెల్లి తేను?"

నాకు ఒళ్లు మండేది. మా అత్తగారి ఊరు మిర్యాలగూడ నుంచి వచ్చినప్పుడల్లా ఈ చాదస్తం మీదే అమ్మతో పోట్లాట. అక్కే నన్ను ఆపేది. ఆ బట్ట ఉన్నన్నాళ్లూ కూతురు కోలుకుంటుందని అమ్మ నమ్మకం. అమ్మ నమ్ముతోందని అక్క ధైర్యం.

ఈ ఎండాకాలం అక్క కూతురికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. అక్క తన రైకకు తనే ఆకుపచ్చ పట్టు ముక్క కొని, కొలతకు మించే తెచ్చి అమ్మకిచ్చింది. ఆ వారమే డాక్టరు అమ్మనూ నన్నూ పక్కకు పిలిచి, ఇక మందులు పనిచేయవన్నాడు. అక్కకు చెప్పొద్దనుకున్నాం. ఫంక్షన్ అయినా సంతోషంగా చేసుకోనీ అని.

ఫంక్షన్ రోజు పొద్దున అమ్మ రైక అందించింది. వేసుకునే ముందు అక్క అలవాటుగా తిరగేసి చూసింది. కుట్టుదాకా బట్ట నీటుగా కత్తిరించి ఉంది.

"గుడ్డ చాల్లేదా అమ్మా?"

"చాలలేదు బిడ్డా."

అక్క ఆ కుట్టు వెంట వేలు పోనిచ్చింది. నేను అమ్మ మొహం చూశాను, అమ్మ నేల చూసింది. అక్క రైకలో చేతులు దూర్చి అమ్మ ముందు నిలబడింది. అమ్మ హుక్కులు పెట్టసాగింది.

"డాక్టరు ఎప్పుడు చెప్పాడు?" అంది అక్క.

అమ్మ హుక్కు వదిలేసింది. మిగతావి అక్కే పెట్టుకుంది.