బంగారు అంచు తాబేలూ, పన్నెండు మాటల జెబమూ

ఆ రోజుల్లో మా లైనిళ్ళలో ఉద్యోగం చేసేవాడంటే ఎవరికీ లెక్క ఉండేది కాదు. 'ఇన్వెస్టర్' అంటేనే గౌరవం. కోయంబత్తూరులో పంపుసెట్ల షెడ్డులో మోటార్లకు రాగితీగ చుట్టే పని నాది. వయసు ఇరవై రెండు. పొద్దుటి నుంచి తీగ చుట్టి, సాయంత్రం బస్సులో ఒంటికాలి మీద నిలబడి ఇంటికి వస్తూ, చేతిలో ఏమీ లేకుండా కోటీశ్వరుడు కావడం ఎలాగో చెప్పే వీడియోలు చూసేవాణ్ణి. వాటిలో మాట్లాడేవాళ్ళంతా కార్లో కూర్చుని మాట్లాడేవాళ్ళు. (కారు మాత్రం కదిలేది కాదు. అది ఎవరి కారో అని అనుమానించే తెలివి అప్పటికి నాకు లేదు.)

నన్ను ఈ దారిలో పెట్టినవాడు పక్కింటి ఛార్జరన్న. ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందే గోడకు ప్లగ్గు ఎక్కడుందో చూసుకుంటాడు కాబట్టి ఆ పేరు. కార్డులతో ఆడే ఆట ఒకటుందని, ఆ కార్డులు చేతిలో ఉండవని, ఫోన్లో ఉంటాయని చెప్పాడు. "సుమ్మా, ఊరికే ఆడే ఆటని అనుకోకు తంబీ. ఒక్కో కార్డూ నీ సొంతం. బ్లాక్‌చెయిన్లో నీకని రాసిండాది. కలెక్టరు వచ్చినా పీకలేడు" అన్నాడు. మేముండే ఇంటి పట్టా కోసం మా నాన్న తాలూకా ఆఫీసు చుట్టూ పదేళ్ళు తిరిగి చెప్పులు అరగదీసుకున్నాడు. నాకేమో అగ్గి కక్కే గుడ్లగూబ బొమ్మ ఉన్న కార్డుకు పది నిమిషాల్లో పట్టా ఇస్తామంటున్నారు. కాదనడానికి నాకేమైనా పిచ్చా?

ఆట పూర్తిగా ఉచితం. ఆడాలంటే మాత్రం మొదటి కట్ట కార్డులు కొనాలి. కార్డులు కొనాలంటే వాళ్ళ నాణెం కావాలి. ఆ నాణెం రూపాయలకు ఇవ్వరు, ఇంకో నాణేనికి ఇస్తారు. ఆ ఇంకో నాణెం కొనాలంటే పాన్ కార్డు కావాలి. పాన్ కార్డు చూస్తే అందులో నా పుట్టినతేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. ఈ ఉచితమైన ఆట మొదలుపెట్టడానికి నాకు నలభై రోజులు పట్టింది, రెండు రోజుల జీతం కోతపడింది. తీరా నాణెం చేతికొచ్చాక దాన్ని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చడానికి అయ్యే రుసుము నాణెం కన్నా ఎక్కువని తెలిసింది. "రుసుము తగ్గేదాకా ఉండు, బడ్జెట్‌తో ఆడేవాడికి ఓపికే ముఖ్యం" అని కారులో కూర్చున్నాయన చెప్పాడు. నేను ఓపిక పట్టాను. బజ్జీలు మానేశాను, టీ అరగ్లాసుకు దించాను. గొప్పవాళ్ళ కార్డులు రోజు అద్దెకు తెచ్చుకుని ఆడాను. ఎనిమిది నెలలు అలా ఆడితే, ఒక పోటీలో బహుమతిగా బంగారు అంచున్న తాబేలు కార్డు దొరికింది. దాని శక్తి ఏమిటంటే, మూడు విడతల దాకా అది ఏమీ చెయ్యదు. (నాలుగో విడతకు ఆట ఎప్పుడూ మిగలదు.) అయినా లోకంలో అలాంటివి కొన్నే ఉన్నాయట. ఏ దేశంవాడో తెలియదుగానీ ఒకాయన దానికి ఒక పాత బైకు వచ్చేంత ధర పలికాడు. ఆదివారం సాయంత్రం ఆరు గంటల దాకా ఆ బేరం ఉంటుంది, రుసుము తగ్గేది అయిదు దాటాకే కాబట్టి అప్పుడు నేను ఫోన్లో సరే అని నొక్కాలి. ఇక బస్సులో ఒంటికాలి కొలువు ముగిసిందనుకున్నాను.

ఇక్కడ పన్నెండు మాటల సంగతి చెప్పాలి. ఈ కార్డులుండే పెట్టెకు తాళంచెవి ఉండదు, పన్నెండు ఇంగ్లీషు మాటలు ఇస్తారు. వరస తప్పకుండా ఆ పన్నెండూ చెప్పగలిగినవాడే యజమాని. ఫోన్లో దాచవద్దు, ఫోటో తీయవద్దు, కాగితం మీద రాసి ఇంట్లో అన్నిటికన్నా భద్రమైన చోట పెట్టమన్నారు. మా ఇంట్లో అన్నిటికన్నా భద్రమైన చోటు అమ్మ బైబిలు. రేషన్ కార్డు, బాప్తిస్మం సర్టిఫికెట్లు, నాన్న ఆస్పత్రి చీటీలు అన్నీ అందులోనే ఉంటాయి. అమ్మకు చదువు రాదు కాబట్టి రహస్యానికి ఢోకా లేదని నా ధైర్యం. మా చర్చిలో గుమ్మం దగ్గర విన్నపాల పెట్టె ఒకటి ఉంటుందని, ప్రతి ఇంటివాళ్ళూ శనివారం తమ కష్టం చీటీ మీద రాసి అందులో వేస్తారని, ఆదివారం పాస్టరయ్య వాటిని చదివితే అందరూ కలిసి జెబం, అంటే ప్రార్థన, చేస్తారని నాకు తెలియక కాదు. నేను ఏనాడూ ఒక్క చీటీ రాసినవాణ్ణి కాదు కాబట్టి ఆ పెట్టె ఉందన్న సంగతే గుర్తు లేదు.

ఆ ఆదివారం, ప్రతివారంలాగే నేను చెవిన పెట్టకుండా ఫోన్ చూసుకుంటూ ఉండగా, పాస్టరయ్య ముప్పై చీటీలు చదివి, ముప్పై ఒకటోది విప్పి, కళ్ళద్దాలు సర్దుకుని, "మన తంబి మొదటి తూరి విన్నపం పెట్టినాడు. ఇంగ్లీషులో పెట్టినాడు, సంతోషం" అన్నాడు. ఆడవాళ్ళ వరసలో అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నా చేతిరాత ఆమెకు దూరం నుంచి కూడా తెలుసు. బైబిలులో చూసి, సిగ్గుపడి దాచుకున్నాననుకుని, తానే తీసుకెళ్ళి, నా కొడుకుదని పాస్టరయ్యకు చెప్పి మరీ పెట్టెలో వేసింది.

పాస్టరయ్య మైకులో గంభీరంగా చదివాడు. "అంకుల్. ల్యాడర్. ఆనియన్. బ్రోకెన్. హాస్పిటల్. వింటర్. లాసూట్. ర్యాబిట్. లోన్లీ. టికెట్. స్పూన్. రెస్క్యూ." ఇంకోసారి మెల్లగా చదివి, ముసలివాళ్ళకు తెలియాలని మన భాషలో విప్పి చెప్పాడు. "ఈ బిడ్డ మామ నిచ్చెన మీద నుంచి పడినాడు. వెంగాయ మూట దించతా ఉండంగా అయిండచ్చు. ఎముక విరిగిండాది, ఆస్పత్రిలో చేర్చిండారు. చలిజరం. దాని మీద కోర్టు కేసు వేరే. ఒంటిగా పడుండాడు పావం, ఊరికి రాను టికెట్టుకు కాసు లేదు, స్పూనుతో గంజి తాగతా ఉండాడు. దేవా, కాపాడు!" చీటీ మళ్ళీ చూసి, "నడుమ కుందేలు ఒకటి ఉండాది. అది మాత్రం నాకు బోధపడలేదు. పైనవాడికి తెలుసు" అని ముగించాడు. రెండువందల మంది ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు. ఆ రెండువందల మందీ ఇప్పుడు నా తాబేలుకు యజమానులే.

బయటికి రాగానే అమ్మ నా చొక్కా పట్టుకుంది. "నా తమ్ముడు పడినాడని నాకు చెప్పకుండా దేవుడికి చెప్తివేరా!" మా మామ పెరియకుళంలో మామిడితోపు కాపలాకు ఉంటాడు. అమ్మ అక్కడే ఫోను కొట్టింది. "అక్కా, నిచ్చెన మీద ఉండాను, దిగి మాట్లాడతా" అన్నాడు మామ. "దిగొద్దురా! కదలొద్దు! గట్టిగా పట్టుకో!" అని అమ్మ పెట్టిన కేకకు మామ నిజంగానే పడబోయాడట. క్షేమంగా ఉన్నాడని తేలాక, పాస్టరయ్య ప్రార్థన ఇంత తొందరగా ఫలించిందని అమ్మ మురిసిపోయింది.

నేను ఇంటికి పరుగెత్తి ఛార్జరన్నను అడిగాను. "యాప్ ఉంటేనే గదా దొంగ లోపలికి వచ్చేది? తీసిపారెయ్యి" అన్నాడు. తీసిపారేశాను. (తాళం అందరికీ తెలిసిపోయిందని ఇంటి తలుపు పీకి అవతల పడేశానన్నమాట.) మళ్ళీ తెరవబోతే పన్నెండు మాటలూ చెప్పమంది. చీటీ కోసం పోతే పాస్టరయ్య ఊళ్ళోకి వెళ్ళాడన్నారు. సాయంత్రం చర్చికి తిరిగొచ్చి, ఆరాధన అయిన వెంటనే చీటీలన్నీ పొయ్యిలో వేసేశానన్నాడు. "ఒక ఇంటి కష్టం ఇంకొకరి చేతిలో పడకూడదు గదా తంబీ" అన్నాడు, మైకు తుడిచి పక్కన పెడుతూ. ఆయనకు మామ, నిచ్చెన, కుందేలు తప్ప ఇంకేమీ గుర్తు లేవు, నాకూ అంతే. "మన పాటలవ్వను అడుగు. ఆమె మరవదు" అన్నాడు.

పాటలవ్వ మిల్లులో పనిచేసి మానుకున్న ముసలామె. అక్షరం ముక్క రాదు. పాటల పుస్తకమంతా విని నేర్చుకున్నదే. ఆదివారం చదివిన విన్నపాలన్నీ వరసగా తలలో పెట్టుకుని, వారమంతా సాయంత్రం పూట కూర్చుని వాటిని ఒక్కొక్కటే దేవుడికి మళ్ళీ చెప్పడం ఆమె అలవాటు. నేను పోయేసరికి అయిదు ముప్పావు. అవ్వ మెట్టు మీద కూర్చుని ఉంది. "నీ చీటీనా? చెప్తా ఉండు" అంది. ఒక్క నా చీటీ చెప్పు చాలన్నాను. "నడుమ నుంచి రాదురా నాకు. మొదట నుంచి చెప్పుకుంటా వస్తే వచ్చేస్తాది" అంది. నాది ముప్పై ఒకటోది.

అవ్వ కళ్ళు మూసుకుని మొదటి చీటీ నుంచి అందుకుంది. నేను ఫోన్లో గడియారం చూస్తూ కూర్చున్నాను. మూలయింటి ఆమెకు కడుపు నిలవాల. టైలరు చేతికి వణుకు తగ్గాల. పనిలో నుంచి తీసేసిన ఛార్జరన్నకు పని దొరకాల, దొరికేదాకా చర్చికి రాని వాళ్ళమ్మకు తెలియకుండా ఉండాల. (రోజూ పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుని అతను ఎక్కడికి పోతున్నాడో ఆ రోజే తెలిసింది నాకు. అప్పుడు గడియారం చూడడం కాసేపు మరిచాను.) ఆరు దాటింది. ఆరుంబావు అయింది. ఇరవై తొమ్మిది అయ్యాక అవ్వ ఆగింది.

"ముప్పయ్యోది మీ అమ్మది. దాన్ని ఇంక చెప్పే పని లేదు, జరిగిపోయింది గదా" అంది. ఏమిటది అన్నాను. "నీకు తెలియదా? ప్రతివారమూ అదే రాయించేది పావం. నా కొడుకు ఒక్క తూరి అయినా తన చేత్తో ఒక విన్నపం రాయాల, ఇంకేమీ వద్దు అని. పొద్దున నీ చీటీ చదివినప్పుడు ఎంత ఏడిచిందో చూస్తివి గదా." అని, ఊపిరి పీల్చుకుని, "అంకుల్, ల్యాడర్, ఆనియన్..." అంటూ పన్నెండూ తప్పులేకుండా వరసగా చెప్పింది. నేను ఒక్కొక్కటీ నొక్కాను. పెట్టె తెరుచుకుంది. తాబేలు భద్రంగా ఉంది. బేరమే పోయింది. తరవాత నెలలో ఆ ఆటే మూతబడింది, కార్డు మాత్రం ఇప్పటికీ నా సొంతమే, కలెక్టరు కూడా అడగలేదు.

ఇంటికి పోయేసరికి అమ్మ నాకోసం కోడికూర వండి ఉంచింది. ఆ చీటీ దేనికి రాశానో చెప్పాలని నోరు తెరిచాను, అన్నం పెట్టుకుని మూసుకున్నాను. ఇప్పటికీ చెప్పలేదు. ఆ శనివారం మాత్రం నిజంగానే ఒక చీటీ రాసి అమ్మ చేతికిచ్చాను. "ఏమి రాస్తివిరా?" అంది. "తెలివి రావాలని" అన్నాను. "అదా, దాన్ని నేను నోటితో అడగతానే ఉండాను, చీటీ ఎందుకు దండగ" అని నవ్వి, అయినా మడతపెట్టి పెట్టెలో వేసి వచ్చింది. ఇప్పుడు ఆ ఇరవై రెండేళ్ళవాణ్ణి తలచుకుంటే నాకు నవ్వొస్తుంది. బైకు పోయిందని ఆ రాత్రి ముఖం మాడ్చుకుని పడుకున్నాడు గానీ, తన చేతిరాత కోసం ఒకరు అన్నేళ్ళు ఎదురుచూశారని తెలిసిన రోజు కూడా అదేనని వాడికి చాలా ఆలస్యంగా తట్టింది.