సెట్ అనే చిన్న మాట

నిన్న బందరు మార్కెట్లో ఎండు నెత్తళ్ళ వాసన తగలగానే మంగినపూడిలో మా అమ్మ చేపల గంప గుర్తొచ్చింది. పొట్లాలు కట్టడానికి అమ్మ పాత పుస్తకాలు కొనేది. ఒకసారి వాటిలో ఇంగ్లీషు డిక్షనరీ వచ్చింది. అందులో సెట్ అనే ఒక్క మాటకే పేజీలకు పేజీలు ఉన్నాయి. ఆ పుస్తకాన్ని చింపకుండా నాకిచ్చింది.

నాతో చదువుకున్న మిత్రులారా, మన బళ్ళో ఇంగ్లీషు మేష్టారు గుర్తున్నారా? గుడివాడ వక్తృత్వ పోటీకి ప్లీడరుగారబ్బాయిని ముందే ఖాయం చేసుకుని, పేరుకి క్లాసులో అడిగారు.

"సెట్‌కి ఎక్కువ అర్థాలు ఎవరు చెబితే వాళ్ళే వెళ్తారు."

ప్లీడరుగారబ్బాయి మూడు చెప్పి ఆగిపోయాడు. నేను లేచాను.

"నువ్వేంట్రా, మంగినపూడి నెత్తళ్ళోడా!" అన్నారు మేష్టారు. క్లాసంతా నవ్వింది. మీరూ నవ్వారు. నేను మర్చిపోలేదు.

పొద్దు గుంకడం, సిమెంటు గట్టిపడడం, విరిగిన ఎముక సరిచేయడం, రంపం పళ్ళు వంచడం, అచ్చక్షరాలు పేర్చడం, టెన్నిస్ ఆటలో ఒక భాగం... నవ్వులు ఆగిపోయాయి.

"చాల్లేరా, కూర్చో. గుడివాడ నువ్వే వెళ్దువుగాని."

"ఇంకా ఉన్నాయండీ" అన్నాను. గంట కొట్టేదాకా నిలబడే చెప్పాను.