వెనక్కి నడిచిన మనిషి

మా జిల్లా కేంద్రం బీజాపూర్‌లో నాటకం ఉందని అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితుడు ఫోన్ చేసినప్పుడు అమ్మ కొట్లో నా పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. రాయపూర్ నుంచి వచ్చిన కుర్రాడు ఒక్కడే ఆడతాడట. ఎప్పటిదో ఒక యుద్ధంలో ఫోటోలు తీసిన విదేశీయుడి కథ.

"ఫోటోలు తీసెటోని కథనా? నేను గూడ వస్త," అంది అమ్మ.

వద్దనడానికి కారణం ఉంది. అది ఆమెకు చెప్పలేను.

తమ్ముడికి మా భోపాలపట్నంలోనే ఫోటో స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసేవాడు. ఊళ్ళలో ఎవరైనా పోతే ఆధార్ కార్డు మీది ముఖాన్ని పెద్దది చేసి, కింద మంచి చొక్కా అతికించి, ఫ్రేము కట్టి ఇచ్చేవాడు. పెళ్ళిళ్ళకూ వెళ్ళేవాడు. పోయిన ఏడాది వేసవిలో ఉసూర్ అడవుల వైపు ఒక పెళ్ళికి వెళ్ళాడు. పెళ్ళివారంతా ఒక్క ఫోటోలో పట్టలేదు. కెమెరా కంటికి పెట్టుకుని, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ బాట దిగాడు. అక్కడ మట్టిలో ఎవరో ఎవరి కోసమో పాతిపెట్టినది పేలింది. వాణ్ణి తీసుకొచ్చిన జీపు డ్రైవరు ఇదంతా నాకు చెప్పాడు. జీపు బోల్తా పడిందని నేను అమ్మకు చెప్పాను. వాడికి నడుము నుంచి కిందికి గుడ్డ చుట్టి ఉంది. ముఖం మాత్రం చూపించాం.

నాటకంలోని మనిషి గురించి ఎప్పుడో చదివాను. ఎలా పోయాడో నాకు తెలుసు. అంతదాకా చూపించరేమో అనుకుంటూ అమ్మను బస్సెక్కించాను.

హాల్లో పెద్దవాళ్ళకు ముందు వరసలో కుర్చీలు వేశారు. నాటకం హిందీలో. ఇన్నేళ్ళు కొట్లో కూర్చున్నది కనుక అమ్మకు హిందీ బాగానే అర్థమవుతుంది.

"కడమోళ్ళు ఎప్పుడొస్తరురా పెద్దోడా?"

"ఎవ్వలు రారమ్మా. ఒక్కడే."

"పాపం, పైసలు చాలనట్టున్నయ్."

వెనక ఎవరో నవ్వారు. కుర్రాడు అక్కడ లేని సైనికులతో మాట్లాడుతున్నాడు, లేని రొట్టె వాళ్ళతో పంచుకుంటున్నాడు. నిజంగా ఉన్నది చేతిలోని కెమెరా ఒక్కటే. అమ్మ దాన్నే చూస్తోంది.

"మెడల పట్టీ ఏసుకోలే సూడు, పడేస్తడు. మన చిన్నోడైతే అన్నం తినేటప్పుడు గూడ తియ్యకపోతుండె."

తమ్ముడు పోయాక అమ్మ వాడి గురించి ఇంత తేలిగ్గా మాట్లాడగా నేను వినలేదు. తీసుకురావడమే మంచిదైందని కాసేపు అనుకున్నాను.

తరవాత కుర్రాడు రోడ్డు మీదికి వచ్చానన్నాడు. సైనికులు నడిచిపోతున్నారట. వెలుతురు బాగుందట. అందరూ ఒక్క ఫోటోలో రావాలట. కెమెరా ఎత్తి, మా వైపే చూస్తూ వెనక్కి ఒక అడుగు వేశాడు.

నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. "పదమ్మా, నీళ్ళు తాగొద్దాం."

"ఆగు."

"బస్సు పోతదమ్మా."

"ఏంది నీ లొల్లి? కూసో."

కూర్చున్నాను. నాటకం ఆపమని అరవలేను. అమ్మను ఎత్తుకుని బయటికి పోలేను. కుర్రాడు ఇంకో అడుగు వేశాడు. ఇంకొకటి. ఎక్కడో డప్పు మీద ఒక్క దెబ్బ పడింది, లైట్లు ఆరిపోయాయి. మళ్ళీ వెలిగేసరికి అతను వెల్లకిలా పడి ఉన్నాడు. కెమెరా దూరంగా ఉంది. అమ్మ వైపు తిరగడానికి నాకు ధైర్యం చాలలేదు.

చప్పట్లు మొదలయ్యాయి. కుర్రాడు లేచి నమస్కారం పెట్టాడు.

"లేచిండు," అంది అమ్మ.

అతను కిందికి దిగి, ముందు వరస పెద్దల కాళ్ళకు దండం పెడుతూ మా దగ్గరికి వచ్చాడు. అమ్మ దీవించలేదు. కుర్చీలోంచి వంగి, అతని మోకాలి కింద రెండు చేతులతో తడిమి చూసింది. దెబ్బ తగల్లేదు కదా బేటా అని హిందీలో అడిగింది.

"నహీ మాజీ, నాటక్ హై," అని నవ్వాడు. ఆమె చేతులు తీయకపోయేసరికి నవ్వు ఆపి నా వైపు చూశాడు.

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. దారిలో మద్దేడ్ ఊరు దాటాక నా వైపు తిరిగింది.

"పెద్దోడా, ఆ ఫోటోల అందరు వచ్చిండ్రా?"

నాటకంలోనా అని అడగబోయి ఆగాను. తమ్ముడి కెమెరా ఇంకా ఠాణాలోనే ఉంది. ఎన్నిసార్లు వెళ్ళినా రేపు రమ్మంటారు.

"తెల్వదమ్మా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

"వచ్చే ఉంటరు తియ్యి. గంత ఎనక్కి పోయినంక రాకుంట ఉంటరా," అంది.