మూత చల్లారేదాకా

మా పిన్ని మణికట్టుకు వేసిన కట్టు విప్పిన మర్నాడు పొద్దున్నే, ఆమె లేత్‌ను పట్టుకుపోవడానికి ఆమె మరిది తోపుడుబండితో సహా దిగాడు. ఉత్త చేతుల్తో కూడా రాలేదు. రెండు స్పానర్లు, ఒక తాడు, కింద పరచడానికి పాత గోనెసంచీ తెచ్చుకున్నాడు. ఆయన కుర్చీలు చేస్తాడు. వరసకు నాకు బాబాయే అవుతాడు గానీ, ఆ బండిని చూడగానే వచ్చిన కోపానికి ఆ పిలుపు నోట్లోనే ఉండిపోయింది. ఆ పూటకు ఆయన నాకు కుర్చీలాయన, అంతే.

"ఇంకా చెయ్యి ఎలా ఉందో చూసుకోనే లేదు. అప్పుడే బండెందుకు?" అని గుమ్మంలోనే అడ్డం పడ్డాను.

"నన్నంటావేంటమ్మా? మీ పిన్ని అన్న మాటేగా," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ.

నిజమే, పిన్ని అన్న మాటే. ఆమె నోటికి అడ్డూ అదుపూ లేదు. కట్టు వేసిన రోజు డాక్టరు, "పట్టు మునుపటిలా వస్తుందో రాదో చూద్దాం" అన్నాడు. ఇంటికి రాగానే పిన్ని అందరి ముందూ తేల్చి చెప్పేసింది. "కట్టు విప్పాక ఒకే ఒక్క పెట్టె చేస్తా. మూత కుదిరిందా, సరే. కుదరలేదా, ఆ లేత్ మరిది పట్టుకెళ్ళి కుర్చీ కాళ్ళు చేసుకోనీ. వదులు మూతలావిడ అని నన్నెవరూ అనడానికి వీల్లేదు." కుర్చీలాయన లేత్ అప్పటికే పాడై మూలన పడి ఉంది. ఇంక ఆయన ఆ మాటను వదులుతాడా?

పిన్ని చేసే పెట్టెల గురించి చెప్పాలి. తాటిచెట్టుకు దూరపు చుట్టంలాంటి ఒక చెట్టు గింజలవి. ఒక్కోటి కోడిగుడ్డంత ఉంటుంది. పైన గోధుమరంగు పెంకు, లోపలంతా తెలుపు. పచ్చిగా ఉన్నప్పుడు గుజ్జే గానీ, ఎండిందంటే ఏనుగు దంతమా అని తడిమి చూడాల్సిందే. పెళ్ళికి ముందు పిన్ని ఈ గింజలతో బొత్తాలు చేసే ఫ్యాక్టరీలో చేరింది. ప్లాస్టిక్ బొత్తాలు వచ్చి అది మూతపడిన రోజు, తోటివాళ్ళంతా ఫ్యాన్లూ బల్లలూ అడిగి తీసుకుంటే, పిన్ని తను పని చేసిన, గింజను గిరగిరా తిప్పుతూ చెక్కే లేత్‌ను అడిగింది. దాన్ని వంటింటి పక్క గదిలో నిలబెట్టింది. బొత్తాలు ఇక ఎవరికీ అక్కర్లేదు కాబట్టి, గింజను రెండుగా కోసి, లోపల తొలిచి, కింద డొప్ప, పైన మూత చేయడం తనంతట తానే నేర్చుకుంది. అరచేతిలో దాగే పెట్టెలు. కొందరు చెవిపోగులు పెట్టుకుంటారు, కొందరు పిల్లల ఊడిన పాలపన్ను దాచుకుంటారు. ఏమీ పెట్టకుండా ఊరికే మూత తీస్తూ వేస్తూ కూర్చునేవాళ్ళే ఎక్కువ. అందులో నేను మొదటిదాన్ని.

ఎందుకంటే సరదా అంతా ఆ మూతలోనే ఉంది. వేస్తే టప్ మనాలి. తలకిందులు చేస్తే ఊడకూడదు. రెండు వేళ్ళతో లాగితే మాత్రం మారాం చేయకుండా రావాలి. పిన్ని మూతలన్నీ అలాగే వచ్చేవి, కట్టు పడేదాకా.

చెయ్యి విరిగిందీ ఈ గింజల వల్లే. బుట్ట ఎత్తుకుని మెట్లు దిగుతుంటే ఒకటి కింద పడింది. పిన్ని సరిగ్గా దాని మీదే కాలు వేసింది. "ఇన్నేళ్ళు కోశానుగా, కక్ష తీర్చుకుంది," అని ఆస్పత్రికి వెళ్తూ కూడా నవ్వింది. నవ్వింది గానీ, ఆ రోజు నుంచి లేత్ గది తలుపు తెరవలేదు.

ఆ పొద్దున తెరిచింది. కిటికీ చట్రం మీదా, బల్ల మీదా, స్విచ్చుల మీదా పాత తెల్లటి పొడి అలాగే ఉంది. గోడకు ఆనుకుని కుర్చీలాయన, తలుపు దగ్గర బాబాయి, అంటే పిన్ని భర్త, ఆయన పక్కన నేను. పిన్ని గింజల్ని ఒక్కొక్కటే బల్లకేసి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. చాలా గింజలకు నడిమధ్య బోలు ఉంటుంది. అది పెద్దదైతే పెట్టె అడుగు చిల్లే. ఒక గింజ నచ్చింది. కోసింది. బోలు ఆవగింజంత!

"అబ్బ, అదృష్టం!" అన్నాను.

"నువ్వు అరవకే, నాకు కంగారు," అంది పిన్ని, నాకంటే గట్టిగా.

మోటారు వేసింది. బెల్టు గుర్రుమంది. కట్టు కింద ఉండి ఉండి ఆమె కుడిచెయ్యి సన్నబడి పాలిపోయింది. ఉలి ఆనించగానే ఎగిరిపడి గింజ మీద అడ్డంగా గీత గీసింది. కుర్చీలాయన 'చ్చొ' అన్నాడు. నేను ఆయన్ని కళ్ళతోనే కాల్చేశాను. పిన్ని ఆగింది. ఒక్క క్షణం ఆలోచించి, మోచేతిని డొక్కకు అదిమి పెట్టుకుని, మణికట్టుతో కాకుండా ఒళ్ళంతా ముందుకు వంచి ఉలిని తోసింది. అంతే! తెల్లటి పొట్టు కొబ్బరి కోరులా జలజలా రాలింది. పడిన గీత ఆ పొట్టులోనే పోయింది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. అరవొద్దంది కాబట్టి బాబాయి మోచెయ్యి పట్టుకుని పిసికేశాను. ఆయనకు తెలిసినట్టే లేదు.

డొప్ప అయిపోయింది. తర్వాత మూత. లోపలి అంచును పొడి రాలిందా లేదా అన్నట్టుగా గీకుతూ, ఆపి చూస్తూ, మళ్ళీ గీకుతూ వచ్చింది. మోటారు ఆగింది. మూతను ఊడదీసి, తీసిన చేత్తోనే డొప్ప మీద పెట్టి నొక్కింది.

టప్!

మా కేకలకు పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. పిన్ని పెట్టెను తలకిందులు చేసింది. ఊడలేదు. బాబాయి దాన్ని లాక్కుని ఆడించాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, నాకిచ్చాడు. నేను ముద్దు పెట్టుకున్నాను. కుర్చీలాయన కూడా, "శభాష్ వదినా!" అన్నాడు. ఆ మాట మాత్రం మనసారా అన్నాడు, కాదనను.

"ఏదీ, తీసి చూపించు మరి," అన్నాడు చివరికి.

పిన్ని దర్జాగా రెండు వేళ్ళతో లాగింది. రాలేదు. ఎడమచేత్తో లాగింది. రాలేదు. బాబాయి తిప్పాడు, నేను గోళ్ళు పెట్టాను, ఊహూ. పిన్ని పెట్టెను బల్ల మీద పెట్టేసి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది.

"నా చెయ్యి మాట వినలేదు. విప్పుకో అబ్బాయ్," అంది.

"పోనీ రేపు ఇంకోటి..." అని నసిగాడు కుర్చీలాయన.

"ఒక్కటే అన్నాను. మాటంటే మాటే."

ఆయన నేల మీద కూర్చుని బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. మొదటిది తుప్పు పట్టి మొరాయించింది, రెండు చేతులా తిప్పాడు. బోల్టు కిర్రుమన్నప్పుడల్లా నేను చెవులు మూసుకున్నాను. పిన్ని మీద చూపించలేని కోపమంతా అమాయకుడైన బాబాయి మీదికి మళ్ళింది.

"గొంతు ఎండిపోతోంది. నీకేం పట్టదా బాబాయ్? ఇవాళ టీ కూడా పెట్టలేదేం?"

బాబాయి పిన్ని వైపు చూశాడు. పిన్ని బాబాయి వైపు చూసింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. లేత్ మీద నుంచి మూత దిగగానే బాబాయి లేచి టీ పెడతాడు. ఉలి రాపిడికి మూత వేడెక్కి ఉంటుంది. టీ కాచి, తాగి, గ్లాసులు కడిగేలోగా అది చల్లారుతుంది. అప్పుడు గానీ డొప్ప మీద పెట్టి చూడకూడదు. 'మూతకొక టీ ఆగాలి' అని పిన్ని పెట్టెలు కొనడానికొచ్చినవాళ్ళకు కూడా పాఠం చెబుతుంది. ఇంట్లో బాబాయి చేసే పని అదొక్కటే అని వెక్కిరిస్తుంది. ఆ రోజు ఆ ఒక్క పనీ మర్చిపోయి ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆవిడా ఆగలేదు.

"టీ!" అని గదంతా అదిరేలా అరిచింది పిన్ని. "వేడి మూత పెట్టేశానర్రా! చల్లారేసరికి ముడుచుకుని పట్టేసింది! ఒసేయ్, వదులు మూతయితే పట్టేస్తుందా? వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేయదే! నా చెయ్యి బాగుంది! బాగుందే!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అయినా కుర్చీలాయన స్పానర్ దించలేదు.

"తెరుచుకోని పెట్టెను పెట్టె అంటారా వదినా?"

"అనరు," అంది పిన్ని. "అందుకే ఇలా రా."

మూత మళ్ళీ వదులవ్వాలంటే దానికి మాత్రం వెచ్చదనం తగలాలి. వేడినీళ్ళు పోస్తే గింజ పగులుతుంది, మంట దగ్గర పెట్టినా అంతే. అరచేతి వేడి చాలు. పిన్ని చెయ్యి చూస్తే మంచుగడ్డ. బాబాయి చేతులూ చల్లగానే ఉన్నాయి. నావి చెమటతో తడి. తుప్పు బోల్టుతో కుస్తీ పట్టిన కుర్చీలాయన చేతులు మాత్రం ఎర్రగా కాలుతున్నాయి. పిన్ని ఆయన అరచేతికి మూత ఆనేలా పెట్టెను బోర్లించి, వేళ్ళు మూసింది.

ఆ గుప్పిట్లోని మూత ఊడితే లేత్ తన బండి ఎక్కదని ఆయనకు తెలియదా? తెలుసు. అరచెయ్యి వదులు చేసినా అడిగేవాళ్ళు లేరు. అయినా పిట్టపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, రెండో చెయ్యి కూడా కింద ఆనించి, కదలకుండా కూర్చున్నాడు. మేమంతా చుట్టూ నిలబడ్డాం. నేను ఊపిరి కూడా మెల్లగా పీల్చాను.

"చూడు వదినా," అన్నాడు.

పిన్ని కుడిచెయ్యి చాపింది. బొటనవేలు, చూపుడువేలు. లాగింది.

టప్!

ఈసారి అందరికంటే ముందు అరిచింది కుర్చీలాయనే. ఆ సంబరంలోనే గోనెసంచీ చుట్టుకుని బయల్దేరబోయాడు.

"ఎక్కడికి? విప్పిన బోల్టులు ఎవరు బిగిస్తారు?" అంది పిన్ని. "నాకు మధ్యాహ్నాలు లేత్‌తో పనుండదు. నీ కుర్చీ కాళ్ళు ఇక్కడికి తెచ్చుకో. బెల్టు తెగితే మాత్రం ఊరుకోను."

ఆయన బోల్టులు బిగించాడు. తుప్పు పట్టినదానికి నూనె కూడా వేశాడు. బాబాయి వంటింట్లోకి పరుగెత్తడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"నీకు చక్కెర ఎంత, కుర్చీల బాబాయ్?" అని అడిగాను.

టీ తాగి వెళ్తుంటే పిన్ని ఆ పెట్టెను ఆయన జేబులో వేసింది. సందు మలుపు దాకా ఖాళీ బండి గడగడల మధ్య టప్, టప్ అని వినిపిస్తూనే ఉంది. కుర్చీల బాబాయి బండిని ఒంటిచేత్తో తోసుకుంటూ పోతున్నాడు.