ముఖం పడని ఫొటో

నా బోడిగుండు ఫొటో ఒకటి ఎవరి దగ్గరో ఉందని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

నాయన ఆపరేషన్ గట్టెక్కితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నది నేనే. అయినా కొండ దిగి పుత్తూరు బస్సెక్కాక, రేపు కాలేజీలో అందరి ముందుకు ఎలా వెళ్లాలా అని భయం పట్టుకుంది. చున్నీని నుదుటి దాకా లాక్కుని కూర్చున్నాను.

వెనక సీట్లో, మెడలో కెమెరా వేసుకున్న ఒకావిడ నా భుజం తట్టింది.

"పాపా, ఒక్క ఫొటో తీసుకుంటా. ముఖం పడదులే."

వద్దని తల ఊపాను. ఆమె నొచ్చుకోలేదు. కెమెరా ముందుకు చాపి, తను తీసినవి చూపించింది. అన్నీ గుండ్లే, అన్నీ వెనక నుంచే. ఒక ముసలాయన మెడ ముడతల్లోకి గంధం చారలుగా కారింది. ఇంకోదాంట్లో తల్లీకూతుళ్ల తలలు రెండూ ఒకదానికొకటి ఆనుకుని నిద్రపోతున్నాయి.

"ముఖాలెందుకు తీయరక్కా?"

"కెమెరా సూస్తానే ముఖాన్ని అందురూ సర్దుకుంటారు. తల ఎనకపక్క సర్దుకునేది ఎవురికొస్తాది సెప్పు?" అని నవ్వింది.

తల్లీకూతుళ్ల ఫొటో ఇంకోసారి చూపించమన్నాను. చాలాసేపు చూశాను. తర్వాత చున్నీని భుజాల మీదికి జార్చి కిటికీ వైపు తిరిగాను. వెనక క్లిక్‌మని ఒక్క చప్పుడు వినిపించింది.

పుత్తూరుకు ముందే ఆమె దిగే ఊరు వచ్చింది. నా చేయి మళ్లీ చున్నీ మీదికి పోవడం చూసి, మెట్టు మీద ఆగింది.

"కప్పుకోబాకు పాపా. ఇన్నాళ్లకి తలకి గాలి తగల్తా ఉండాది, తగలనీ."