నొగకు చుట్టిన పగ్గం

కామారెడ్డి స్టేషన్ దాటి ఎల్లారెడ్డి బాట పట్టాక, ఊరి ఇండ్లు అయిపోయిన చోట కేంపు. చెట్టు లేదు. బోడ నేల, నల్ల గుండ్లు, నడుమ వెదురు తడకల గుడిసెలు రెండు వరుసలు. ప్లేగు తగిలినవాళ్లు ఒక వరుస. తగిలిందేమో అని అనుమానం ఉన్నవాళ్లు ఇంకో వరుస. చుట్టూ ముళ్లకంప. చలికాలం. గాలి ఉత్తరం నుంచి కొడుతోంది. లింగంపేట నుంచి జొన్నలు తెచ్చిన బండి మీద కూర్చుని వచ్చి, పొద్దు గూకే వేళకు గేటు ముందు దిగాను.

జవాను మూట విప్పమన్నాడు. రెండు చీరలు, దువ్వెన, ఉల్లిగడ్డలు.

"గింతేనా అక్కా?"

"నీ ఇంటికి సుట్టం రాలే. డ్యూటీకొచ్చిన. ఇంకెంత గావాలె?"

వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఒక ఇత్తడి బిళ్ల, రేకు గ్లాసు, గొంగడి ఇచ్చాడు. గొంగడి అంచు చిరిగి ఉంది. ఆ పూటే కుట్టుకున్నాను.

ఫౌజుకు పోయి వచ్చినవాళ్లు కథలు చెప్తే మీరు మనవలంతా చుట్టూ కూర్చుని వింటారు. వినండి, తప్పు లేదు. నేను తుపాకి పట్టలేదు. బడిలో బాలశిక్ష సగం దాకా చదివాను, అంతే. కాని నాదీ డ్యూటీయే. జర్మనీ లడాయి మొదలైందని స్టేషన్లో చెప్పుకునే రోజులు. మా లడాయి ఎలుకలతో. ముందు అవి చచ్చేవి, వెనుక మనుషులు.

నేను అక్కడికి ఎందుకు పోయానో చెప్పాలి. అంతకు ముందటి చలికాలం మా ఆయన సరుకు వేసుకుని కామారెడ్డికి బండి కట్టుకుపోయాడు. తిరిగి రావలసిన సందె వేళ మెడగంటలు వినబడ్డాయి. పొయ్యి మీది గంజి కుండ దింపి వాకిట్లోకి ఉరికాను. ఎడ్లు వచ్చాయి. బండి వచ్చింది. మనిషి లేడు. పగ్గాలు బండి ముందరి కొయ్యకు, నొగకు చుట్టి, ముడేసి ఉన్నాయి. కేంపులో పోయాడని తర్వాత తలారి వచ్చి చెప్పాడు. ఎక్కడ కాల్చారో వానికీ తెలియదు. "జవాన్లు బండి మీదికెల్లి గుంజుకపోయిండ్రట" అన్నారు ఊళ్లో. నమ్మాను.

మా దిక్కు మనిషి పోతే ఆడవాళ్లు శోకం పెడతారు. ఊరికే ఏడవడం కాదు. పోయినవాని బతుకంతా పాట కట్టి చెప్పడం. ఏం తిన్నాడు, ఎవరితో కొట్లాడాడు, ఏ చేను దున్నాడు, అన్నీ. ఆ మాటలు లేకుండా పోయినవానికి దారి దొరకదంటారు. శవమే లేని ఇంట్లో శోకమెట్లా? నేను ఏడవలేదు. సందె దీపం కూడా మానేశాను. అత్త అడిగితే నూనె మిగులుతదని చెప్పాను.

కేంపుకు ఆడవాళ్లు కావాలన్నారు, జీతం జొన్నలు. అత్తకు, అప్పుడే పాలు మరిచిన నా బిడ్డకు తిండి కావాలి. ఊరికి చెప్పిన కారణం ఇది. చెప్పనిది ఇంకొకటి ఉంది. మా ఆయన ఆఖరు మాట విన్న మనిషి ఒక్కరన్నా దొరకాలి. ఆయన మాటల్లేకుండా పోయాడా, లేదా? అది తెలియకుండా నాకు బతకబుద్ధి కాలేదు.

హుకుములు కాంపౌండర్ చెప్పాడు. బిచ్కుంద మనిషి, సగం తెలుగు, సగం మరాఠీ. రోగి దగ్గరికి పోతే మూతికి బట్ట. బయటికొస్తే వేన్నీళ్లు. ఎలుక కనబడితే చేత్తో ముట్టొద్దు. ఏడుపు వినబడొద్దు.

"ఏడిస్తే ఏమైతది?" అన్నాను.

"ఒక గుడిసెల ఏడిస్తే అన్ని గుడిసెల గుండె జారుతది బాయీ. మందు పని చెయ్యది."

మంచివాడే. పళ్లెంలో మెతుకులు వదిలేవాడు, అదొక్కటి నాకు నచ్చేది కాదు.

నా పని ఇసుర్రాయి దగ్గర. కోడి కూసే జాముకు లేచి జొన్నలు విసరాలి. తెల్లవారాక గట్క కాచి రెండు వరుసలకూ మోయాలి. మధ్యాహ్నం నీళ్లు. సందెకు బట్టలు ఉడకబెట్టడం. ఇసుర్రాయికి ఎదురెదురుగా ఇద్దరు కూర్చోవాలి, ఒకే పిడి ఇద్దరూ పట్టాలి. నా ఎదుట పోచవ్వ. ముసలిది. అంతకు ముందు చలికాలం నుంచీ కేంపులోనే ఉంది. ఆమె ఇంట్లో అందరూ పోయారు, ఇక ఎక్కడికి పోవాలో తెలియక ఉండిపోయింది.

మొదటి జామునే పాట ఎత్తుకుంది.

"మగ్గం గుంటల కూసుండి – మందికి చీరలు నేసిండు
తనకు కప్పే గుడ్డ కొరకు – తడక దిక్కు జూసిండు"

ముందు రోజు పోయిన సాలె ఆయన పాట అది. నాకు అర్థమైంది. ఏడుపు వద్దన్నారు, విసరడం వద్దనలేదు. శోకాన్ని తెచ్చి పోచవ్వ ఇసుర్రాయి మీద పెట్టింది.

జవాను లాంతరు పట్టుకుని వచ్చాడు. "ఏంది, ఏడుస్తున్నరా?"

"కండ్లు లేవా సాబ్? జొన్నలు ఇసురుతున్నం" అంది పోచవ్వ.

"మరి పాటెందుకు?"

"పాట లేకుంటే రాయి తిరగది. నువ్వొచ్చి తిప్పుతవా?"

గొణుక్కుంటూ పోయాడు.

రాయి మీది పాటకు ఒక కట్టడి ఉంది. ఒకరు ఎత్తితే ఎదుటి మనిషి జవాబు పాడాలి. సగంలో విడవరాదు. ఇంకొకటి, చచ్చినవాళ్ల పేరు తీయరాదు. తినే పిండి కదా. అందుకే పోచవ్వ పాటల్లో పేర్లు లేవు. మగ్గం ఆయన, గొర్ల ఆయన, అద్దాల రైక పిల్ల. బతికున్నవాళ్లకూ ఈ సంగతి తెలుసు. గట్క పోసేటప్పుడు తడక వెనక నుంచి పిలిచేవాళ్లు.

"పోచవ్వా, నేను పోతే నా బర్రెను మర్వకు. పూటకు కుండెడు పాలిచ్చేది."

"బర్రె సంగతి చెప్త. నీ నోటి సంగతి గూడ చెప్త. వాడకట్టంత జడిసేదట గదనే!"

తడకల వెనక నవ్వులు. చావు వాకిట్లో నవ్వేమిటని నాకు ఒళ్లు మండేది. తర్వాత చూశాను, కథ చెప్పుకున్న పూట వాళ్లు గట్క తాగేవాళ్లు. ఆ బర్రె అవ్వ బతికి ఇంటికి పోయింది. పాట ఆమెకు అక్కర పడలేదు.

నేను మాత్రం జవాబు పాడేదాన్ని కాదు. పిడి పట్టి తిప్పేదాన్ని, అంతే. ఆమే ఎత్తి ఆమే జవాబు ఇచ్చుకునేది.

ఒక జామున అడిగాను. "పోయినేడు లింగంపేట మనిషి, బండి తోలేటోడు, ఈడికి వచ్చిండా?"

"పేరు?"

మొగుని పేరు పెండ్లాం నోట రాకూడదు. పోయినా రాకూడదు.

"పేరు చెప్పినా నాకు ఎరుకుండది తియ్యి. బండోళ్లు శానమంది పోయిండ్రు బిడ్డా. ఎసొంటోడో చెప్పు."

"ఎసొంటోడైతే ఏంది? మనిషి."

"గట్ల చెప్తే ఎట్ల దొరుకుతడే? మనిషంటే ఏదన్న ఒక తీరుంటది గద."

నేను నోరు విప్పలేదు. విప్పితే ఏడుపు వస్తుందని తెలుసు. ఏడుపు వస్తే నౌకరి పోతుంది. జవానును అడిగాను. పోయినేటి జవాన్లంతా బదిలీ అయ్యారన్నాడు. కాంపౌండరూ కొత్తవాడే. పాతది పోచవ్వ ఒక్కతే. అయినా చెప్పలేదు. చలి ముదిరింది. గుడిసెలు నిండాయి.

ఒక పొద్దున పోచవ్వ పిడి వదిలేసింది. చేతిని పక్కకు ఆనించలేకపోతోంది. చంక చూశాను. గడ్డ.

ఆమెను రోగుల వరుసలోకి నేనే నడిపించుకుపోయాను. పడుకోబెట్టి, మూతికి బట్ట కట్టుకుని పక్కన కూర్చున్నాను. కాంపౌండర్ చూసి పోయాడు. బయటికి పోయాక తల అడ్డంగా ఊపాడు.

మధ్యాహ్నం జ్వరం కొంచెం దిగింది. పోచవ్వ కండ్లు తెరిచింది.

"నా వంతొచ్చింది గని, నీది ఇయ్యాలైన చెప్తవా? ఎసొంటోడే వాడు?"

చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఎద్దుతో మొదలుపెట్టాను. మైసడని మా బండికి ఎలపట దిక్కు కట్టే ఎద్దు ఉంది, దానికి సొప్ప వేయకుండా ఆయన ముద్ద ముట్టడు. నన్ను పిలిచినన్నిసార్లే దాన్నీ పిలుస్తాడు. రొట్టె, ఉల్లిగడ్డ ఉంటే చాలు. పాట రాదు. బండి మీద ఒక్కడే ఉంటే ఎద్దుతో ముచ్చట పెడతాడు.

పోచవ్వ నా చేయి పట్టుకుంది. చేయి కాలుతోంది.

"మైసా, ఇంటికి పో బిడ్డా, అన్నోడా?"

ఆమే చెప్పింది, ఆగి ఆగి.

ఆయన్ను ఎవరూ గుంజుకుపోలేదు. ఆ రోజు గేటు కాడ బండిని ఆపింది కూడా జవాను కాదు. ఆయనే ఆపాడు. దిగాడు. చంక చూపించాడు. "ఇంటికాడ చిన్న పిల్ల ఉన్నది, ఈ గడ్డతోని గడప తొక్క" అన్నాడు. పగ్గాలు నొగకు చుట్టాడు. మైసని చెవిలో ఆ మాట చెప్పి, ఎడ్లను లింగంపేట బాట పట్టించాడు. గంటల చప్పుడు ఆగేదాకా నిలబడ్డాడు. తర్వాత తన కాళ్లతో తానే లోపలికి వచ్చాడు. గేటు కాడ నీళ్లు మోసుకుంటూ పోచవ్వ అదంతా చూసింది, వింది.

పగ్గాలు. ఏడాది నుంచి నా కండ్ల ముందే ఉన్నాయి. మనిషిని గుంజుకుపోతే పగ్గాలు నేల మీద ఈడ్చుకుంటూ రావాలి. బండోని పెండ్లాన్ని, నాకు తట్టలేదు.

"వానికి పాట కట్టిన" అంది పోచవ్వ. "ఎత్తుకున్న గని వాని ఇల్లు ఎరుక లేక జవాబు కట్టలే. ఎదుట కూసునే పిల్ల గా వారమే పోయె. సగం పాట కొంగుల కట్టుకోని తిరుగుతున్న. నువ్వు తీస్కో."

గొంతు లేదు. మాటల్లాగే చెప్పింది.

"చంకల గడ్డ తగిలితే – గడప తొక్కనన్నడు
ఎద్దు చెవిల మాట జెప్పి – ఎడమై నిలుసున్నడు"

"జవాబు ఈడ చెప్పకు. రాయి మీద చెప్పు. నేనింట."

మరునాటి జామున ఒక్కదాన్నే రాయి ముందు కూర్చున్నాను. మంచు పడుతోంది. పిడి చల్లగా ఉంది. పోచవ్వ పడుకున్న గుడిసె దిక్కు తిరిగి, ముందు ఆమె సగం పాడాను. తర్వాత నాది. నా జన్మలో మొదటిసారి పాట కట్టాను.

"గంటల సప్పుడిని నేను – గంజి దింపి ఉరికితి
బండి ఒక్కటొచ్చినాది – బతుకు మాకు తెచ్చినాది"

ఏడ్చాను. రాయి ఆపలేదు. ఏడుస్తూనే విసిరాను. హుకుం తప్పానో లేదో నాకు తెలియదు.

తెల్లవారుతుండగా కాంపౌండర్ వచ్చాడు. మూతి బట్ట తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పోయింది బాయీ."

"ఇన్నదా?"

"నీ పాటైనంక 'ఊఁ' అన్నది. ఇంకేమనలే."

కథ వినే పిల్లలు ఊఁ కొడతారు చూడండి, అట్లా.

ఆ తర్వాతి జామున జొన్నలు ముందు పెట్టుకుని కూర్చున్నాను, చేయి లేవలేదు. పోచవ్వకు పాట కావాలి. ఎదుట మనిషి లేదు. రాయి చప్పుడు రాలేదని జవాను లాంతరుతో వచ్చాడు.

"ఏమైంది అక్కా? పొద్దు పొడుస్తున్నది."

"ఎదుట కూసునేటోళ్లు లేరు."

వాడు అటూ ఇటూ చూశాడు. మగవాళ్లు ఇసుర్రాయి ముట్టరు. లాంతరు కింద పెట్టాడు. తలరుమాలు విప్పి పక్కన పెట్టి, ఎదుట కూర్చుని పిడి పట్టాడు.

"మా అమ్మ జూస్తే నవ్వి సస్తది" అన్నాడు. "నాకు పాట రాదు."

"రాకున్నా మంచిదే. ఊఁ అను."

అందరి పాటలూ మోసిన అవ్వ పాట నేను పాడాను. ఒక్కో చరణానికి వాడు ఊఁ అన్నాడు. ఖాకీ చేతుల మీద పిండి రాలింది. మధ్యలో ఎక్కడో వాని ఊఁ వణికింది. నేను తలెత్తి చూడలేదు.

అప్పటి నుంచి కేంపు ఎత్తేదాకా ప్రతి జామూ పాడాను. మంచం మీది మనుషులను నేనే అడిగేదాన్ని. "ఎసొంటోనివి నువ్వు? చెప్పు. ఏదన్న తీరుంటది గద." చెప్పేవాళ్లు. కొందరు బతికారు. చాలామంది పోయారు. మాటల్లేకుండా మాత్రం ఎవరూ పోలేదు.

ఎండలు ముదిరాక రోగం అణిగింది. గుడిసెలు కాల్చేశారు. బిళ్ల, గ్లాసు తిరిగి ఇచ్చాను. గొంగడి ఉడకబెట్టుకుని తెచ్చుకున్నాను, బాగున్న గొంగడి కాల్చడానికి మనసొప్పలేదు. లింగంపేటలో దిగేసరికి సందె. బిడ్డ నన్ను గుర్తుపట్టక అత్త కొంగు వెనక దాక్కుంది. మైసడు గుర్తుపట్టి తల ఎత్తాడు. ముందు వానికి సొప్ప వేశాను. తర్వాత దీపం ముట్టించాను. అత్త నూనె సీసా దిక్కు చూసింది.

ఆ బండి విరిగి చాలా ఏండ్లయింది. దాని కట్టె పొయ్యిలో పెట్టాను, నొగ ఒక్కటి పెట్టలేదు. అది దూలం మీద ఉంది. ఎందుకు దాచావని మీరు అడుగుతారు, నేను కసురుతాను.

దీపం ముట్టించేటప్పుడు రోజూ నాకు కనబడేది దేవుని మొహం కాదు. సందె చీకటి, ఉత్త బండి, నొగకు చుట్టిన పగ్గం. పగ్గం జారితే ఎద్దు కాళ్లకు పడుతుంది, బండి నడిదారిలో ఆగిపోతుంది. అందుకని ఆ కాలే చేతులతో ఆయన రెండు చుట్లు ఎక్కువే చుట్టాడు.